అమెరికా హైవేల మీద పొద్దుటి టిఫిన్: అమ్మానాన్నలతో వెళితే ఏ రెస్టారెంట్ ముందు ఆగాలి?

ఓహాయోలోని కొలంబస్ నుంచి పిట్స్‌బర్గ్ వేంకటేశ్వర స్వామి గుడికి కారులో మూడు గంటలు పైనే పడుతుంది. 1976లో ప్రతిష్ఠ జరిగిన గుడి అది. అమ్మానాన్నలు వచ్చిన ప్రతిసారీ మేము ఆ దర్శనం చేసుకుని రావలసిందే. తెల్లవారగానే బయలుదేరతాం. గంట గడవకముందే వెనక సీటులో నుంచి పిల్లలు ఆకలంటారు, నాన్న కాఫీ అంటారు, అమ్మ ఏమీ అనదు. భారతీయ రెస్టారెంట్లు చాలా చోట్ల పదకొండు గంటలైతే గానీ తెరవవు. పొద్దున్న ఏడింటికే దీపాలు వెలుగుతూ కనిపించేవి హైవే పక్కనున్న అమెరికన్ కుటుంబ రెస్టారెంట్లే. క్రాకర్ బ్యారెల్, బాబ్ ఎవాన్స్, డెన్నీస్, ఐహాప్, దక్షిణం వైపు వెళితే వాఫుల్ హౌస్.

బయటి నుంచి చూస్తే ఇవన్నీ ఒకటే అనిపిస్తాయి. గుడ్లు, పాన్‌కేక్‌లు, బంగాళాదుంపలు, అడిగినన్నిసార్లు నింపే కాఫీ, మధ్యాహ్నానికి ఇంటి వంట తరహా భోజనం. అయినా మన కుటుంబంతో వెళ్లినప్పుడు వీటి మధ్య తేడా చాలా పెద్దది. అమ్మ గుడ్డు కూడా తినదు. నాన్న గుడ్డు తింటారు, మాంసం తినరు. పిల్లలకు తీపి కావాలి. ఇలాంటి బల్ల దగ్గర ఎవరికి అన్నిటికన్నా తక్కువ దొరుకుతుందో వారిని బట్టే రెస్టారెంట్‌ను ఎంచుకోవాలన్నది నా గట్టి నమ్మకం. మిగతా వారికి ఎక్కడైనా కడుపు నిండుతుంది.

ఈ నమ్మకం ఊరికే రాలేదు. అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఒక రెస్టారెంట్‌లో కూరగాయల ప్లేటు చెప్పాను. గ్రీన్ బీన్స్ చక్కగా ఉడికి, నిగనిగలాడుతూ వచ్చాయి. నాలుగు ముద్దలయ్యాక అడుగున గులాబీ రంగు ముక్కలు కనిపించాయి. పంది మాంసం. అమ్మ చెంచా పక్కన పెట్టేసి, ఎవరికీ ఇబ్బంది కలగకూడదన్నట్టు మంచినీళ్లు తాగుతూ కూర్చుంది. ఆ రోజంతా ఏమీ తినలేదు. బీన్స్‌ను, ఆకుకూరలను హామ్ ముక్కతోనో బేకన్‌తోనో ఉడికించడం అమెరికా దక్షిణాదిలో తరతరాల వంట పద్ధతి. వాళ్ల దృష్టిలో అది కూరగాయ వంటకమే. అడగవలసింది నేను, అడగలేదు. అప్పటి నుంచి అడగకుండా ఏదీ చెప్పను. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

మెనూలో మాటలు, వాటి వెనక వంట

పోలికకు ముందు కొన్ని మాటల సంగతి తేల్చుకోవాలి. మనకు తెలిసిన మాటలే అక్కడ వేరే అర్థంతో ఉంటాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది "చికెన్ ఫ్రైడ్ స్టేక్". పేరులో చికెన్ ఉంది, ప్లేటులో ఉండదు. అది గొడ్డు మాంసం. కోడి మాంసాన్ని పిండిలో ముంచి వేయించినట్టు దీన్నీ వేయిస్తారు కాబట్టి ఆ పేరు వచ్చింది. "కంట్రీ ఫ్రైడ్ స్టేక్" అన్నా దాదాపు అదే. గొడ్డు మాంసం తినని మనవాళ్లు పేరు చూసి చికెన్ అనుకుని చెప్పడం నేను కళ్లారా చూశాను. మీట్‌లోఫ్, పాట్ రోస్ట్ కూడా మామూలుగా గొడ్డు మాంసంతో చేసేవే. హామ్, బేకన్ అంటే పంది మాంసం. సాసేజ్ అని ఊరికే రాస్తే అదీ పందిదే. ముస్లిం మిత్రులతో వెళితే టర్కీ బేకన్, టర్కీ సాసేజ్ ఉన్న చోటు చూసుకోవచ్చు. అయితే సాసేజ్ పైపొర దేనితో చేశారో, అన్నీ ఒకే పెనం మీద కాలుస్తారో లేదో అడగాలి. హలాల్ పాటించేవారికి ఈ గొలుసు రెస్టారెంట్లలో (ఒకే పేరుతో చాలా ఊళ్లలో శాఖలున్నవి) మాంసం జోలికి పోకపోవడమే నిశ్చింత.

"బిస్కట్" అంటే మనం టీలో ముంచుకునేది కాదు. ఈస్టు లేకుండా, బేకింగ్ పౌడరుతో పొంగించి, పొరలు పొరలుగా కాల్చిన మెత్తని బన్ను. వెన్న రాసుకుని వేడివేడిగా తింటే చాలా బాగుంటుంది. దాని మీద పోసే తెల్లని గ్రేవీని మాత్రం శాకాహారులు ముట్టకూడదు. సాసేజ్ వేయించిన కొవ్వులో మైదా, పాలు కలిపి చేస్తారు దాన్ని.

"గ్రిట్స్" గురించి అమ్మానాన్నలకు ముందే చెప్పండి. తెల్ల మొక్కజొన్న రవ్వను నీళ్లలోనో పాలలోనో జావగా ఉడికిస్తారు. చప్పగా ఉంటుంది. వెన్న, ఉప్పు, మిరియాల పొడి కలిపితే ఇంట్లో జారుగా చేసుకునే రవ్వ ఉప్మాకు దగ్గరగా వస్తుంది. మా అమ్మ సంచిలో చిన్న కారప్పొడి డబ్బా ఉంటుంది. గ్రిట్స్‌లో ఆ కారప్పొడి, కాస్త వెన్న కలుపుకుని తిన్న రోజు, "ఇది మన తిండే" అంది. దక్షిణాది రాష్ట్రాల్లో గ్రిట్స్ అన్ని చోట్లా ఉంటాయి. ఉత్తరాన కొన్ని చోట్లే.

పాన్‌కేక్ విషయంలో మనవాళ్లు తరచుగా పొరబడతారు. చూడటానికి మందపాటి అట్టులా ఉంటుంది, మాంసం లేదు, కాబట్టి శాకాహారం అనుకుంటాం. పిండిలో గుడ్డు కలుపుతారు. వాఫుల్‌లోనూ అంతే. ఫ్రెంచ్ టోస్ట్ అయితే రొట్టెను గుడ్డు సొనలో ముంచి కాల్చేదే. గుడ్డు తినని పెద్దవాళ్లకు ఈ మూడూ పనికిరావు.

గుడ్లు చెప్పగానే ఎలా కావాలని అడుగుతారు. సొన పైకి కనిపించేలా ఒకవైపే కాలిస్తే సన్నీ సైడ్ అప్. తిరగేసి సొన జారుగా ఉంచితే ఓవర్ ఈజీ, సగం గట్టిపడితే ఓవర్ మీడియం, పూర్తిగా ఉడికితే ఓవర్ హార్డ్. మన ఇళ్లలో చాలామందికి నచ్చేది ఓవర్ హార్డ్. స్క్రాంబుల్డ్ అంటే ఉల్లి, మిర్చి లేని పొరటు.

క్రాకర్ బ్యారెల్, బాబ్ ఎవాన్స్: పోటీ ఈ రెండింటి మధ్యే

మా వైపు హైవేల మీద అసలైన ఎంపిక ఈ రెండింటి మధ్యే జరుగుతుంది. రెండూ పల్లెటూరి ఇంటి వంట అనే చెప్పుకుంటాయి. పుట్టుక మాత్రం వేరు, ఆ తేడా ఇవాళ్టికీ ప్లేటులో కనిపిస్తుంది.

క్రాకర్ బ్యారెల్‌ను 1969లో టెనెసీ రాష్ట్రంలోని లెబనాన్ ఊళ్లో డాన్ ఎవిన్స్ మొదలుపెట్టారు. ఆయన షెల్ చమురు కంపెనీలో పనిచేసేవారు. హైవే ప్రయాణికులను పెట్రోలు కోసం ఆపాలన్న ఆలోచనతో పక్కనే పాతకాలపు పల్లె కొట్టు, భోజనశాల పెట్టారు. తర్వాత పెట్రోలు అమ్మకం పోయింది, కొట్టు, భోజనం మిగిలాయి. ఇప్పుడు 40కి పైగా రాష్ట్రాల్లో ఉంది. చాలా శాఖలు హైవే నుంచి దిగే దారుల దగ్గరే ఉండటానికి ఆ పుట్టుకే కారణం.

పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు ఇక్కడ నాకు నచ్చేది ముందు వసారా. వరుసగా ఊగే కుర్చీలు వేసి ఉంటాయి. బల్ల దొరికే వరకు నాన్న అక్కడ కూర్చుని ఊరివాళ్లతో ఫోనులో మాట్లాడుకుంటారు. లోపల గోడల నిండా పాత వ్యవసాయ పనిముట్లు, లాంతర్లు, ప్రకటన పలకలు. నిజంగా వాడిన పాత వస్తువులే సేకరించి పెడతారు. నాన్నకు అవి చూస్తే తాతగారి ఇంటి అటక గుర్తొస్తుంది. ఆ పనిముట్టు దేనికో మనవళ్లకు వివరిస్తూ పావుగంట గడిపేస్తారు. ప్రతి బల్ల మీదా 15 రంధ్రాలు, 14 మేకులు ఉన్న త్రిభుజాకారపు చెక్క ఆట ఉంటుంది. ఒక మేకు మీదుగా ఇంకొకటి దూకిస్తూ తీసేస్తూ పోతే చివరకు ఒక్కటే మిగలాలి. వంట వచ్చేలోపు పిల్లలు ఫోను అడగకుండా ఉండటానికి ఇంతకన్నా మంచి సాధనం ఏ రెస్టారెంట్‌లోనూ చూడలేదు. 2025 ఆగస్టులో ఈ సంస్థ తన గుర్తులోంచి పీపాకు ఆనుకుని కూర్చున్న మనిషి బొమ్మను తీసేస్తే జనం ఎంత గొడవ చేశారంటే, రోజుల వ్యవధిలోనే పాత గుర్తును తిరిగి తెచ్చారు. ఆ పాతదనం మీద ఇక్కడి జనానికి అంత మమకారం.

ఇక తిండి. శాకాహారులకు ఇక్కడున్న పెద్ద సౌకర్యం, సైడ్స్‌లోంచి (అసలు వంటకం పక్కన పెట్టే చిన్న వంటకాలు) నచ్చినవి ఏరుకుని ఒక ప్లేటుగా తీసుకోగలగడం. పక్కన బిస్కట్లో మొక్కజొన్న రొట్టో వస్తుంది. వేయించిన బెండకాయ ముక్కలు చూసి అమ్మ ముఖం వెలిగిపోయింది. మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయిస్తారు, మన బెండకాయ వేపుడుకు దూరపు చుట్టం. దాల్చినచెక్కతో మగ్గించిన ఆపిల్ ముక్కలు, క్యారెట్లు, మాకరోనీ చీజ్ ఉంటాయి. అడగవలసిన ప్రశ్నలు రెండు. బీన్స్‌లో, ఆకుకూరల్లో పంది మాంసం వేశారా? బెండకాయను చేపలు, కోడి వేయించిన నూనెలోనే వేయించారా? రెండో ప్రశ్నకు వచ్చే జవాబు విన్నాక నిర్ణయం అమ్మకే వదిలేస్తాను. పట్టింపు ఎంతవరకో ఎవరికి వారే చెప్పుకోవాలి, బిడ్డలు తేల్చవలసిన విషయం కాదది.

బాబ్ ఎవాన్స్ కథ మా ఓహాయోది. రాష్ట్రానికి ఆగ్నేయ మూలన గాలిపోలిస్ అనే చిన్న ఊళ్లో 12 స్టూళ్ల భోజనశాల నడిపిన రైతు బాబ్ ఎవాన్స్. తన దగ్గరికి వచ్చేవారికి పెట్టడానికి మంచి సాసేజ్ దొరకడం లేదని 1948లో తానే తయారు చేయడం మొదలుపెట్టారు. 1962లో రియో గ్రాండేలోని తన పొలంలోనే మొదటి రెస్టారెంట్ తెరిచారు. 2007లో మరణించారు. ఆ పొలం ఇప్పటికీ ఉంది, చూడవచ్చు. సూపర్ మార్కెట్‌లో బాబ్ ఎవాన్స్ పేరుతో దొరికే బంగాళాదుంప ముద్ద, సాసేజ్ మాత్రం ఈ రెస్టారెంట్లవి కావు. 2017లో రెస్టారెంట్లను వేరు చేసి అమ్మేశారు, ప్యాకెట్ల వ్యాపారాన్ని 2018లో పోస్ట్ హోల్డింగ్స్ సంస్థ తీసుకుంది. కాబట్టి ప్యాకెట్ రుచిని బట్టి రెస్టారెంట్‌ను అంచనా వేయవద్దు.

పునాదే సాసేజ్ అయిన చోట శాకాహారికి ఏముంటుందని మీకు సందేహం రావచ్చు. గుడ్డు తినేవారికి బాగానే ఉంటుంది. కూరగాయల ఆమ్లెట్, బంగాళాదుంపలు, పండ్లు, టోస్ట్ కలిపితే నాన్నకు తృప్తి. రొట్టెలు ఇక్కడి బలం. వేడి డిన్నర్ రోల్స్, అరటిపండు రొట్టె చాలా బాగుంటాయి. అరటిపండు రొట్టెలో గుడ్డు ఉంటుంది కాబట్టి అమ్మకు కుదరదు. గుడ్డు కూడా తినని వారికి చివరకు టోస్ట్, ఓట్స్, పండ్లు, బంగాళాదుంపలే మిగులుతాయి. మాంసం తినేవారికి మధ్యాహ్నం టర్కీ భోజనం చక్కగా పెడతారు. ఇంటికి తీసుకెళ్లే కుటుంబ భోజనం పెట్టెలు కూడా పనికొస్తాయి. స్నేహితుల ఇంట్లో కొత్తగా బిడ్డ పుట్టినప్పుడు, వంట చేసే ఓపిక లేని వారం అవి ఒకటి రెండు సార్లు పంపాను. నలుగురూ మాంసం తినే ఇల్లు కాబట్టి సరిపోయింది.

రెండింటిలో ఏది? మా కుటుంబానికి క్రాకర్ బ్యారెల్. కారణం రుచి కాదు. గుడ్డు ముట్టని అమ్మకు అక్కడ నాలుగు రకాలతో ఒక నిండు ప్లేటు వస్తుంది. బాబ్ ఎవాన్స్‌లో ఆమె ముందుకు వచ్చేవి టోస్టు ముక్కలు, చిన్న గిన్నెలు. అందరి ముందు ఎత్తుగా పేర్చిన ప్లేట్లు ఉండి, ఒక్కరి ముందే రెండు గిన్నెలు ఉంటే ఆ మనిషి ఆ బల్ల దగ్గర అతిథిలా కూర్చుంటుంది. అది నాకు ఇష్టం లేదు. మీ ఇంట్లో అందరూ గుడ్డు తింటే నా తీర్పు తిరగబడుతుంది. బాబ్ ఎవాన్స్‌లో సందడి తక్కువ, బల్లల మధ్య జాగా ఎక్కువ, చేతికర్రతో నడిచే పెద్దవాళ్లకు సుఖం. క్రాకర్ బ్యారెల్‌లో భోజనశాలకు వెళ్లాలన్నా, బిల్లు కట్టి బయటికి రావాలన్నా బొమ్మలు, మిఠాయిలు నింపిన కొట్టులోంచే నడవాలి. చిన్నపిల్లలతో అది కొంచెం పరీక్షే.

ఎక్కడుంటారన్నదీ చూసుకోవాలి. బాబ్ ఎవాన్స్ ఎక్కువగా ఓహాయో, ఇండియానా, మిషిగన్, పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా వైపు, ఫ్లోరిడాలో ఉంటుంది. టెక్సస్, కాలిఫోర్నియాల్లో ఉన్నవారికి ఈ ప్రశ్నే రాదు.

వేళ కాని వేళ: డెన్నీస్, వాఫుల్ హౌస్

అర్ధరాత్రి విమానం దిగిన అమ్మానాన్నలను తీసుకుని వస్తున్నారు. విమానంలో పెట్టింది వాళ్లు తినలేదు. ఇంటికి ఇంకా గంటన్నర ప్రయాణం. అప్పుడు పై రెండూ మూసి ఉంటాయి. డెన్నీస్ విలువ ఆ వేళ తెలుస్తుంది.

1953లో కాలిఫోర్నియాలోని లేక్‌వుడ్‌లో డోనట్ల కొట్టుగా మొదలైన సంస్థ ఇది. రెండు పాన్‌కేక్‌లు, రెండు గుడ్లు, రెండు బేకన్, రెండు సాసేజ్‌లు కలిసిన గ్రాండ్ స్లామ్ ప్లేటు 1977 నుంచి దీని గుర్తింపు. ఆ ప్లేటు మనకు అక్కర్లేదు. అదే పద్ధతిలో మనమే నాలుగు రకాలు ఏరుకునే అవకాశం ఉంది, మనకు కావలసింది అదే. తురిమి వేయించిన బంగాళాదుంప, గ్రిట్స్, టోస్ట్, పండ్లు ఎంచుకుంటే గుడ్డు లేకుండా ప్లేటు నిండుతుంది. రాత్రి రెండు గంటలకు, వర్షంలో, అలసిపోయిన తల్లి ముందు వేడి గ్రిట్స్ పెట్టగలిగిన చోటును నేను తక్కువ చేసి మాట్లాడను. 55 దాటినవారికి తక్కువ పరిమాణం, తక్కువ ధరతో వేరే మెనూ కూడా ఉంటుంది. సిగ్గుపడకుండా అడగండి, ఆ పరిమాణమే పెద్దవాళ్లకు సరిగ్గా సరిపోతుంది. ఒక జాగ్రత్త. ఈ సంస్థ 2024లో 150 శాఖలు మూసేస్తామని ప్రకటించింది. అన్ని శాఖలూ ఇప్పుడు రాత్రంతా తెరిచి ఉండవు. బయలుదేరే ముందే ఫోను చేసి కనుక్కోండి.

వాఫుల్ హౌస్ వేరే లోకం. 1955లో జార్జియాలోని ఎవండేల్ ఎస్టేట్స్‌లో పుట్టింది, దక్షిణాది రాష్ట్రాల్లో మైలుకొకటి కనిపిస్తుంది, తలుపు మూయదు. తుఫాను వచ్చినప్పుడు ఒక ఊరు ఎంత దెబ్బతిందో అక్కడి వాఫుల్ హౌస్ తెరిచి ఉందా లేదా అన్నదాన్ని బట్టి అమెరికా విపత్తు నిర్వహణ అధికారులు అంచనా వేసేవారంటే అర్థం చేసుకోండి. వంటగది కళ్లెదుటే ఉంటుంది. వంటవాళ్లు ఆర్డర్లు కాగితం మీద చూసుకోరు. ఖాళీ ప్లేటు మీద జామ్ ప్యాకెట్టో వెన్న ముక్కో ఫలానా చోట పెట్టి, దాన్ని బట్టి ఏ ఆర్డరో గుర్తుపెట్టుకుంటారు. నాన్న ఆ పని చూస్తూ కాఫీ చల్లారబెట్టుకున్నారు.

ఇక్కడి హ్యాష్ బ్రౌన్స్‌కు, అంటే తురిమి వేయించిన బంగాళాదుంపకు, సొంత భాష ఉంది. మనకు పనికొచ్చే మాటలు ఆరు. స్కాటర్డ్ అంటే పెనం మీద పలచగా పరిచి కరకరలాడేలా కాల్చడం. స్మదర్డ్ అంటే ఉల్లిపాయ, డైస్డ్ అంటే టమాటా, పెప్పర్డ్ అంటే హాలపీన్యో మిర్చి, క్యాప్డ్ అంటే పుట్టగొడుగులు, కవర్డ్ అంటే చీజ్. "స్కాటర్డ్, స్మదర్డ్, డైస్డ్, పెప్పర్డ్" అని చెప్పి చూడండి. ఉల్లి, టమాటా, మిర్చితో వేయించిన బంగాళాదుంప మీ ముందుకు వస్తుంది. ఈ దేశపు గొలుసు రెస్టారెంట్లలో మన నాలుకకు ఇంత దగ్గరైన పొద్దుటి వంటకం నాకు ఇంకొకటి తెలియదు. చంక్డ్ అంటే హామ్, టాప్డ్ అంటే మాంసం చిల్లీ, కంట్రీ అంటే సాసేజ్ గ్రేవీ. ఈ మూడూ వద్దు.

లోపాలూ ఉన్నాయి. అదే పెనం మీద బేకన్ కూడా కాలుతుంది. ఎంత మంచిగా అడిగినా ఆ చిన్న వంటగదిలో వేరు చేయడం వాళ్లకు కష్టం. పట్టింపు ఉన్నవారికి ఇది సరిపడదు, అమ్మను నేను అక్కడికి తీసుకెళ్లలేదు. చోటు ఇరుకు, ఆరుగురు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం దాదాపు కుదరదు. ఇద్దరు ముగ్గురు ప్రయాణిస్తూ, గుడ్డు, ఉల్లి పట్టింపు లేకపోతే మాత్రం అన్నిటికన్నా తక్కువ ఖర్చులో, అన్నిటికన్నా త్వరగా వేడి తిండి ఇక్కడే.

ఐహాప్ ఎప్పుడు?

పిల్లల పుట్టినరోజు పొద్దున్న. 1958లో లాస్ ఏంజెలస్‌లోని టొలూకా లేక్‌లో పాన్‌కేక్‌ల కోసమే పుట్టిన సంస్థ, ఇప్పటికీ ఆ పనే బాగా చేస్తుంది. బల్ల మీద రకరకాల సిరప్ కూజాలు చూస్తే పిల్లలకు పండగ. పెద్దవాళ్ల విషయంలో రెండు మాటలు. ఇక్కడ ఆమ్లెట్లో పాన్‌కేక్ పిండి కొంచెం కలుపుతారు. గోధుమ పడనివారు పిండి కలపని గుడ్లతో చేయమని చెప్పాలి. షుగరు ఉన్నవారు సిరప్ కూజాలకు దూరంగా కూర్చోవాలి, చక్కెర లేని సిరప్ ఉందేమో అడగవచ్చు. గుడ్డు తినని వారికి ఈ ఐదింటిలో నేను చివర పెట్టేది ఐహాప్‌నే.

ఎక్కడికి వెళ్లినా

ఆదివారం పొద్దున్న పదకొండు నుంచి ఒంటిగంటన్నర వరకు ఎక్కడికీ వెళ్లకండి. చర్చి నుంచి కుటుంబాలు నేరుగా ఇక్కడికే వస్తాయి, ముప్పావుగంట నిలబడాల్సి వస్తుంది. ఎనిమిదిన్నరలోపు కూర్చుంటే నింపాదిగా తినవచ్చు. ప్రశ్నలు అడిగినా విసుక్కోకుండా వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వస్తారు. క్రిస్మస్ రోజున క్రాకర్ బ్యారెల్ మూసి ఉంటుంది.

టీ అని ఊరికే చెప్పవద్దు. మంచు ముక్కలు వేసిన చల్లని టీ గ్లాసు వస్తుంది, దక్షిణాన అయితే అందులో పానకమంత చక్కెర. వేడి టీ అని చెప్పాలి. అప్పుడు వేడినీళ్ల చిన్న కూజా, టీ సంచి వస్తాయి. పాలు వేడి చేసి ఇమ్మని విడిగా అడగాలి. కాఫీ పలచగా ఉంటుంది, డికాషన్ అలవాటైన నాన్నకు నచ్చదు. అయినా కప్పు ఖాళీ అయిన ప్రతిసారీ అడగకుండానే వచ్చి నింపే ఆ పలకరింపు ఆయనకు ఎంతో ఇష్టం.

రక్తపోటు ఉన్నవారికి ఒక విషయం బాగా పనికొస్తుంది. 20 లేదా అంతకన్నా ఎక్కువ శాఖలున్న రెస్టారెంట్లు మెనూలో కేలరీలు ముద్రించాలన్న నిబంధన 2018 మే నుంచి అమలులో ఉంది. అడిగితే ఉప్పు, కొవ్వు, చక్కెరల లెక్క కూడా రాతపూర్వకంగా చూపించాలి. సూపులు, బంగాళాదుంప వంటకాలు, గ్రేవీల దగ్గర ఆ లెక్క ఒకసారి చూస్తే నాన్న తనంతట తానే సగం పక్కన పెట్టారు.

ధర చూసి లెక్కవేసేటప్పుడు అమ్మకపు పన్ను, టిప్పు అందులో కలవలేదని గుర్తుంచుకోండి. టిప్పు మామూలుగా 15 నుంచి 20 శాతం. మన బల్ల దగ్గర ప్రశ్నలు ఎక్కువ, మార్పులు ఎక్కువ. అందుకే నేను 20 కన్నా తగ్గించను. ఈ ఉద్యోగుల సంపాదనలో పెద్ద భాగం ఆ టిప్పే. ఒక ప్లేటు ఇద్దరు పంచుకుంటే కొన్ని చోట్ల అదనంగా వసూలు చేస్తారు, మిగిలింది పెట్టెలో కట్టి ఇమ్మంటే ఎవరూ వేరుగా చూడరు.

సందేహం వచ్చినప్పుడు "శాకాహారి" అన్న ఒక్క మాటతో వదిలేయకండి. చాలామందికి ఆ మాటలో గుడ్డు ఉంది, కోడి రసంతో చేసిన సూపు కూడా ఉండవచ్చు. గుడ్డు, చేప, కోడి, పంది, గొడ్డు, వీటి రసం, వీటి కొవ్వు ఏవీ వద్దని ఒక్కొక్కటిగా చెప్పాలి. నేను ఇంగ్లీషులో ఒక చిన్న చీటీ రాసి అమ్మ సంచిలో పెట్టాను. నేను పక్కన లేనప్పుడు కూడా ఆమె దాన్ని చూపిస్తుంది.

గొలుసు సంస్థలు కాక, ఊరిలో ఒక కుటుంబం నడిపే చిన్న రెస్టారెంట్ దొరికితే వెనకాడకండి. యజమాని అక్కడే ఉంటారు, పెనంలో ఒక మూల కడిగి ఇవ్వగలరు. ఓహాయోలో హోమ్స్ కౌంటీ వైపు వెళితే పాతకాలపు సాదా జీవితం గడిపే ఆమిష్ అనే క్రైస్తవుల వంట భోజనశాలలు ఉన్నాయి. బంగాళాదుంప ముద్ద మీద నూడుల్స్ వడ్డించే వాళ్ల భోజనం, పళ్ల పైలు (పిండి పొరలో పళ్లు నింపి కాల్చిన తీపి వంటకం) మాంసాహారులు మరచిపోలేరు. ఆదివారం మూసి ఉంటాయి. శాకాహారులకు మాత్రం పళ్ల పై, రొట్టె తప్ప పెద్దగా ఏమీ ఉండదు, ఆ వంటకపు పిండి పొరలోనూ పంది కొవ్వు ఉందేమో అడగాలి.

పిట్స్‌బర్గ్ ప్రయాణానికి ఇప్పుడు మా పద్ధతి ఇలా ఉంది. వెళ్లేటప్పుడు ఏ రెస్టారెంట్ దగ్గరా ఆగం. దర్శనానికి ముందు అమ్మ బయటి తిండి ముట్టదు, మేమూ గుడ్డు తినం. ఇంటి నుంచి ఇడ్లీ, ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకుని విశ్రాంతి స్థలం దగ్గర తింటాం. దర్శనమయ్యాక గుడిలో పులిహోర ప్రసాదం. తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం మూడు గంటలకు, రద్దీ లేని వేళ, క్రాకర్ బ్యారెల్ వసారాలో ఆగుతాం. నాన్న ఊగే కుర్చీలో కూర్చుంటారు, పిల్లలు మేకుల ఆట కోసం లోపలికి పరుగెత్తుతారు. సర్వర్ రాగానే అమ్మ సంచిలోంచి తన చీటీ తీస్తుంది, కారప్పొడి డబ్బా తీసి ప్లేటు పక్కన పెట్టుకుంటుంది.